ఖాళీ కడుపుతో ఉంటే నన్ను నేనే మర్చిపోయేదాన్ని: ఇన్సులినోమాతో నా అనుభవం

నేను హనుమకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని. వయసు 39. 2025 ఫిబ్రవరి 12న నా క్లోమం (పాంక్రియాస్) నుంచి కాబూలీ శనగంత గడ్డ ఒకటి తీశారు. దాని పేరు ఇన్సులినోమా. ఒంటికి అవసరం ఉన్నా లేకపోయినా అది ఇన్సులిన్ తయారు చేస్తూనే ఉంటుంది, దాంతో రక్తంలో చక్కెర పడిపోతుంది, మెదడుకు ఇంధనం అందదు. పరీక్షల కోసం తిరుగుతున్నప్పుడు రాత్రుళ్లు నిద్ర పట్టక ఫోన్లో తెలుగులో ఎవరైనా రాశారేమో అని వెతికేదాన్ని, నాకు ఒక్కటీ దొరకలేదు. అందుకే తేదీలతో, ఖర్చులతో సహా రాస్తున్నాను.

మొదటిసారి 2023 జూన్‌లో, బడులు తెరిచిన వారం. ఏమీ తినకుండా బడికి వెళ్లాను. ప్రార్థన జరుగుతుంటే ముందు వరసలో పిల్లలు రెండు రెండుగా కనిపించారు, చెమటకు జాకెట్టు తడిసిపోయింది. తోటి టీచర్ కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. పది నిమిషాల్లో మామూలైపోయాను. ఎండ అనుకున్నాం. తర్వాత నెలకోసారి, దసరా నాటికి వారానికోసారి వచ్చేది. ఎక్కువగా తెల్లవారుజామున, లేదంటే మధ్యాహ్నం భోజనం ఆలస్యమైనప్పుడు. ఆ సమయంలో ఏం చేశానో నాకు గుర్తుండదు కాబట్టి ఆ భాగమంతా ఇంట్లోవాళ్లు చెప్పిందే రాస్తున్నాను. ఉదయం 5 గంటలకు లేచి స్టవ్ మీద ఖాళీ గిన్నె పెట్టి దాన్నే చూస్తూ నిలబడ్డానట. చీర కట్టుకోవడం రాక కుచ్చిళ్లు చేతిలో పట్టుకుని ఏడ్చానట. మా ఆయన పిలిస్తే ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశానట. మా పాపకు పదేళ్లు. ఒకరోజు పొద్దున తనని "ఎవరు నువ్వు" అని అడిగానని ఆపరేషన్ అయిన నెలకు గానీ నాతో చెప్పలేదు. ఇన్ని రోజులు ఆ మాట కడుపులో దాచుకుంది.

ఊళ్లో తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. నేను సైన్స్ చెప్పే మనిషినే, కానీ అంత భయంలో ఎవరు ఏది చెప్పినా వద్దనే ఓపిక ఉండదు. 2024 జనవరిలో నరాల డాక్టరుకు చూపించాం. ఎంఆర్ఐ బాగానే ఉంది, మెదడులోని విద్యుత్ సంకేతాలు చూసే ఈఈజీలో కొంచెం తేడా ఉందన్నారు, ఫిట్స్‌లో ఇదొక రకం అని లెవెటిరాసిటమ్ మాత్రలు రాశారు. స్కూటీ నడపొద్దన్నారు. పది నెలలు పూట తప్పకుండా వేసుకున్నాను. ఏమీ తగ్గలేదు, డోసు పెంచారు, మగత పెరిగింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ ఏడాదిన్నరలో నాకు మూడుసార్లు షుగర్ పరీక్ష చేశారు. 92, 104, 98. మూడూ నార్మలే. ఎందుకంటే ఆసుపత్రికి వెళ్లే ముందు ఇడ్లీ తినో టీ తాగో వెళ్లేవాళ్లం, అక్కడికి చేరేసరికి నేను మామూలు మనిషిని. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 4.5 వచ్చింది, "చాలా బాగుంది, మీకు షుగర్ లేదు" అన్నారు. అది మరీ తక్కువ ఎందుకుందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మరోపక్క బరువు పెరుగుతూ పోయాను, 56 కిలోల దాన్ని 71 అయ్యాను. తింటే హాయిగా ఉండేది, తినకపోతే ఏదో అయ్యేది, అందుకని చేతిసంచిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. తిండి మీద అదుపు లేదని అందరూ అన్నారు. నా ఒళ్లు ప్రాణం నిలబెట్టుకోవడానికి తినమంటోందని అప్పుడు నాకు తెలియదు.

అసలు సంగతి బయటపడింది 2024 నవంబర్ 4న, కార్తీకమాసం మొదటి సోమవారం. పొద్దున్నుంచి ఉపవాసం. సాయంత్రం తులసికోట దగ్గర ఒత్తులు సర్దుతూ పక్కకు ఒరిగిపోయాను. మా అత్తమ్మకు పద్నాలుగేళ్లుగా షుగర్ ఉంది. ఒకట్రెండు సార్లు ఆమెకు షుగర్ పడిపోయిన అనుభవం కూడా ఉంది. నా మెడ మీద చల్లటి చెమట పట్టి చూసి, "ఇది గాలి కాదు బిడ్డా, షుగర్ పడిపోతే నాకూ గిట్లనే అయితది" అని తన మిషన్ తెచ్చి నా వేలికి పొడిచింది. 41. నోట్లో చక్కెర నీళ్లు పోశారు. కాసేపటికి లేచి కూర్చుని దీపాలు వెలిగించారా అని అడిగానట. ఒక్క మాట, మింగలేని స్థితిలో ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదని, ఊపిరితిత్తుల్లోకి పోతాయని తర్వాత డాక్టరు చెప్పారు. నేను అదృష్టవశాత్తు మింగగలిగాను.

మర్నాడు దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్తే, షుగర్ జబ్బే లేని మనిషికి షుగర్ ఎలా పడిపోతుంది, మీ మిషన్ పాతబడింది అన్నారు. అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. పాప పాత నోట్‌బుక్ ఒకటి తీసుకుని, నాకు తేడాగా అనిపించినప్పుడల్లా వేలికి పొడిచి తేదీ, గంట, అంకె రాయించింది. నవంబర్ 9 తెల్లవారి 38. 12న 44. 14న 35. ఆ నోట్‌బుక్ తీసుకుని హనుమకొండలో ఒక పెద్దాయన, జనరల్ ఫిజీషియన్, ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన పేజీలు తిప్పి, మీరు తేడాగా ఉన్నప్పుడు అంకె తక్కువగా ఉంది, చక్కెర ఇవ్వగానే తేడా పోయింది, ఈ మూడూ కలిస్తే కారణం వెతకాల్సిందేనమ్మా అన్నారు. 1930ల్లో విప్పుల్ (Whipple) అనే అమెరికా సర్జన్ చెప్పిన సూత్రమట అది. హైదరాబాద్‌లో ఎండోక్రైనాలజిస్టుకు, అంటే హార్మోన్ల డాక్టరుకు, ఉత్తరం రాసిచ్చారు. అత్తమ్మ చదువుకోలేదు. ఆమె రాయించిన ఆ నోట్‌బుక్కే నా కేసులో మొదటి ఆధారం, దాని ఫొటో ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

నవంబర్ 18, సోమవారం, హైదరాబాద్. టోకెన్ 47, లోపలికి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. డాక్టరమ్మ నెమ్మదిగా అన్నీ అడిగారు. ఇంట్లో షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఎవరున్నారన్నారు. మా అత్తమ్మ గ్లిమెపిరైడ్ వేసుకుంటుందని చెప్పాను. మా ఆయన్ని కాసేపు బయట కూర్చోమని, "మీరెప్పుడైనా ఆ మాత్రలు పొరపాటున గానీ, కావాలని గానీ వేసుకున్నారా? ఎవరైనా మీకు ఇచ్చి ఉంటారనిపిస్తోందా?" అని అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడాదిన్నర అందరూ నా మనసును అనుమానించారు, చివరికి ఇక్కడ కూడానా అనిపించింది. ఆవిడ టిష్యూ ఇచ్చి, ఈ ప్రశ్న ప్రతి ఒక్కరినీ అడుగుతామని, ఆ మాత్రలు వేసుకున్నా రక్తంలో అచ్చం ఇలాగే కనిపిస్తుందని, అది కాదని తేలకుండా కడుపు కోస్తే తప్పవుతుందని చెప్పారు. మీరూ ఈ దారిలో ఉంటే ఆ ప్రశ్న వస్తుంది, ముందే తెలిసి ఉంటే బాధ తగ్గుతుంది. ఇంటికి వచ్చి చెప్తే అత్తమ్మ ఆ రోజే తన మాత్రలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది.

తర్వాతది ఉపవాస పరీక్ష. ఆసుపత్రిలో చేర్చుకుని 72 గంటల వరకు ఏమీ పెట్టకుండా చూస్తారు, చక్కెర పడిపోయిన ఆ నిమిషంలో రక్తం తీస్తారు. నవంబర్ 27 రాత్రి 8 గంటలకు నాలుగు ఇడ్లీలు తిన్నాను, అదే ఆఖరి ముద్ద. నీళ్లు తాగొచ్చు, చక్కెర లేని డికాక్షన్ తాగొచ్చు. పడుకోనివ్వరు అనుకున్నాను గానీ రాత్రి నిద్రపోనిచ్చారు, పగలు మాత్రం వరండాలో నడవమన్నారు. రెండు చేతులకూ సూదులు పెట్టి ఉంచారు, ఒకటి రక్తం తీయడానికి, ఒకటి అవసరమైతే గ్లూకోజ్ ఎక్కించడానికి. నర్సు ప్రతి గంటకూ వచ్చి నా పేరు, ఊరు, ఈ రోజు ఏ వారం అని అడిగేది, నూరులోంచి ఏడు తీసేస్తూ వెళ్లమనేది. 93, 86, 79. పొద్దున పదిన్నరకు 86 తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు. తలలో ఆ లెక్క కోసం వెతుక్కోవడం మాత్రం నాకు గుర్తుంది.

వేలి మిషన్‌లో తక్కువ రాగానే పరీక్ష ఆపరు. నరంలోంచి తీసిన రక్తం ల్యాబ్‌కు పోయి అక్కడ 55 కంటే తక్కువ అని తేలాలి, పైగా మనిషిలో లక్షణాలు కనపడాలి. కాబట్టి నేను వణుకుతూ, చెమటలు కక్కుతూ ఉండగా మా ఆయన "ఏదైనా పెట్టండి మేడం" అని బతిమాలుతుంటే వాళ్లు ఇంకో పది నిమిషాలు అన్నారట. పక్కన కూర్చునేవాళ్లకు అది నరకం. మీ వెంట గుండె ధైర్యం ఉన్నవాళ్లను తీసుకెళ్లండి. 11:40కి ల్యాబ్ అంకె వచ్చింది, 39. ఆఖరి ముద్ద తిన్న దగ్గర్నుంచి 15 గంటల 40 నిమిషాలు. అప్పుడు చక్కెరను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇచ్చి పది నిమిషాలకోసారి మళ్లీ చూశారు, అరగంటలో 71కి పెరిగింది. దాని తర్వాతే పెరుగన్నం పెట్టారు. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

రిపోర్టులో ఇన్సులిన్ 14.2, సి-పెప్టైడ్ 2.9. చక్కెర 39 ఉన్నప్పుడు ఇన్సులిన్ 3 కూడా దాటకూడదు. సి-పెప్టైడ్ గురించి డాక్టరమ్మ చెప్పింది పిల్లలకు పాఠం చెప్పినంత స్పష్టంగా ఉంది. మన క్లోమం ముందు ఒక పెద్ద అణువును తయారు చేసి దాన్ని కత్తిరిస్తుంది, ఒక ముక్క ఇన్సులిన్, తెగి పడిన ముక్క సి-పెప్టైడ్. బయటి నుంచి ఇన్సులిన్ పొడుచుకుంటే ఈ రెండో ముక్క ఉండదు. కాబట్టి ఈ ఇన్సులిన్ నా ఒంట్లోదే. షుగర్ మాత్రల జాడ చూసే రక్త పరీక్ష బయటి ల్యాబ్‌కు పోయింది, పది రోజులు పట్టింది. డిసెంబర్ 7న "లేదు" అని వచ్చింది. ఆ కాగితం చూసి నేనూ అత్తమ్మా పట్టుకుని ఏడ్చాం. ఈ పరీక్షకు అంతా కలిపి 26 వేలయింది.

జబ్బు ఉందని తేలింది, ఎక్కడుందో తేలాలి. దీనికే ఎక్కువ రోజులు పట్టింది. ఈ గడ్డలు చాలావరకు రెండు సెంటీమీటర్ల లోపే ఉంటాయి. డిసెంబర్ 2న సీటీ తీశారు, 8,500. క్లోమం తల భాగంలో ఏదో మసకగా ఉంది, ఏమిటో చెప్పలేం అని రాశారు. 16న డోటా పెట్ స్కాన్, 18 వేలు. ఇలాంటి హార్మోన్ గడ్డల్లో చాలావాటిని అది పట్టేస్తుందట, ఇన్సులినోమాను మాత్రం తరచూ వదిలేస్తుందట. నాదీ వదిలేసింది. 23న ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, 21 వేలు. గొంతులోంచి గొట్టం పంపి పొట్టలోపలి నుంచి క్లోమాన్ని చూస్తారు. మత్తు ఇచ్చారు కాబట్టి ఏమీ తెలియలేదు, రెండు రోజులు గొంతు నొప్పి. అందులో కనిపించింది. క్లోమం మధ్య భాగంలో 12 మిల్లీమీటర్లు, నల్లటి గుండ్రటి చుక్క. స్క్రీన్ మీద దాన్ని చూపించినప్పుడు నాకు భయం వేయలేదు. ఇన్నాళ్లూ నన్ను పిచ్చిదాన్ని చేసింది ఇదేనా, ఇంతేనా అనిపించింది.

ఈ వారాల్లో ఇంట్లో మా జీవితం అలారాల మీద నడిచింది. రాత్రి 11, 2, 5. ప్రతిసారీ మా ఆయన లేచి ఏదో ఒకటి తినిపించేవాడు. మొదట్లో గ్లూకోజ్ నీళ్లు ఇచ్చేవాళ్లం, గబుక్కున పెరిగి గంటలో మళ్లీ పడిపోయేది, ఎందుకంటే తీపి తగలగానే ఆ గడ్డ ఇంకా రెచ్చిపోయేది. డైటీషియన్ చెప్పాక పద్ధతి మార్చాం. పడిపోయినప్పుడు గ్లూకోజే, కానీ పడిపోకుండా ఉండటానికి నెమ్మదిగా అరిగేవి. రాత్రి రెండింటికి సర్వపిండి ముక్క, ఉడికించిన గుడ్డు, పల్లీలు. పడుకోబోయే ముందు పచ్చి కార్న్‌ఫ్లోర్ చల్లటి నీళ్లలో కలిపి తాగేదాన్ని, వేడి చేస్తే పని చేయదు. నోట్లో సున్నం పెట్టుకున్నట్టు ఉంటుంది, కానీ దాంతో 2 గంటల అలారం కొన్ని రాత్రులు మానేయగలిగాం. ఇన్సులిన్ వదలడాన్ని తగ్గించే డయాజాక్సైడ్ అనే మందు రాశారు, మా ఊళ్లో ఏ మందుల షాపులోనూ దొరకలేదు, హైదరాబాద్ నుంచి తెప్పించేసరికి వారం. వేసుకున్నాక చక్కెర చాలావరకు 60 పైనే ఉంది, కాళ్లు వాచాయి, ముఖం మీద నూగు మొలిచింది. అద్దం చూసుకోబుద్ధి అయ్యేది కాదు. మందు ఆపాక అదంతా పోయింది.

సర్జన్ ఒక మెలిక పెట్టారు. మధ్యలో చుక్క సరే, సీటీలో తల భాగంలో మసక ఉంది కదా, అక్కడా ఒకటి ఉంటే? రెండోసారి పొట్ట కోయడం కంటే ముందే తేల్చుకుందాం అన్నారు. అందుకు ఎక్సెండిన్ స్కాన్ అని ఒకటుంది, కొద్ది చోట్లే చేస్తారు. సంక్రాంతి వెళ్లాక జనవరి 19న కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ వెళ్లాం. ఒక పగలు, ఒక రాత్రి. రైల్లో గంట గంటకూ వేలికి పొడుచుకుంటుంటే ఎదురు సీటు పెద్దమ్మ తన డబ్బాలో పులిహోర పెట్టింది, భాష తెలిసిన మనిషి ఒకరు దొరికినందుకు కళ్లు చెమర్చాయి.

స్కాన్ 22న. ఇంజెక్షన్ ఇచ్చే ముందే గ్లూకోజ్ డ్రిప్ పెట్టారు, ఎందుకో తర్వాత తెలిసింది. ఆ మందే ఇన్సులిన్‌ను ఉసిగొల్పుతుంది. డ్రిప్ నడుస్తుండగానే 40 నిమిషాల్లో 46కి పడిపోయాను, వాంతి వచ్చినట్టైంది, డ్రిప్ వేగం పెంచారు. అక్కడున్న కుర్ర డాక్టరు నేను సైన్స్ టీచర్నని తెలిసి హిందీలో ఓపిగ్గా చెప్పాడు. మనం తిన్నప్పుడు పేగు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వదులుతుంది, అది వెళ్లి క్లోమానికి "తిండి వచ్చింది, ఇన్సులిన్ వదులు" అని కబురు చెబుతుంది. ఆ కబురు అందుకునే తలుపులు ఇన్సులినోమా మీద విపరీతంగా ఉంటాయి. అయితే పేగు హార్మోన్ నిమిషాల్లో విరిగిపోతుంది, స్కాన్‌కు నిలవదు. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. 1992లో జాన్ ఎంగ్ అనే శాస్త్రవేత్త దాని విషంలో అచ్చం అదే పని చేసే, త్వరగా విరగని పదార్థం కనిపెట్టాడు, ఎక్సెండిన్-4. దాని నుంచే 2005లో షుగర్ మందు వచ్చింది, దానికే కాస్త రేడియోధార్మిక గాలియం తగిలిస్తే ఈ స్కాన్. ఎక్కడి బల్లి, ఎక్కడి హనుమకొండ. ఆ బల్లి విషం మీద ఒకాయన కూర్చుని పని చేయకపోతే నా పొట్టలో చుక్క ఒకటో రెండో తెలిసేది కాదు. నా కడుపులో తిప్పుతున్నా ఆ మాటలు వింటుంటే ఒళ్లు జలదరించింది. సాయంత్రానికి చెప్పారు, వెలిగింది ఒక్కటే. మధ్య భాగంలో.

ఢిల్లీ ప్రయాణానికి మొత్తం 34 వేలు, అందులో స్కాన్ కంటే లాడ్జికీ టికెట్లకే ఎక్కువైంది.

వచ్చాక ఊహించని ఖర్చు ఇంకొకటి తగిలింది, టీకాలు. గడ్డను మాత్రమే ఒలిచి తీయడం కుదరకపోతే క్లోమం తోక భాగం, దానితోపాటు ప్లీహం (స్ప్లీన్) తీయాల్సి రావచ్చు, ప్లీహం లేకపోతే కొన్ని ఇన్ఫెక్షన్లు ప్రాణం మీదికి వస్తాయి, కాబట్టి రెండు వారాల ముందే మూడు టీకాలు వేయించుకోవాలి. 11,200 అయింది. కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ప్రొలాక్టిన్ కూడా చూశారు, మా పుట్టింట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్లు, మానని అల్సర్లు ఉన్నాయా అని అడిగారు. కొందరిలో ఇది వంశంలో వచ్చే జబ్బులో ఒక ముక్క అట. నాకు అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. పాపకు రాదు కదా అని నేను నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ విసుక్కోకుండా చెప్పారు.

ఫిబ్రవరి 10న చేరాను. 12 మాఘ పౌర్ణమి, ఆ రోజు దొరికినందుకు అత్తమ్మ సంతోషపడింది. ముందు రోజు సాయంత్రం పరిశోధన విభాగం అమ్మాయి ఒకామె తెలుగులో అచ్చేసిన సమ్మతి పత్రం తెచ్చింది. తీసిన గడ్డలో బయాప్సీకి పోగా మిగిలిన ముక్కను, కొంచెం రక్తాన్ని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచి, ఈ గడ్డలు ఎందుకు వస్తాయో చదవడానికి వాడుకుంటారట. పేరు ఉండదు, నంబరే. సంతకం పెట్టకపోయినా వైద్యంలో తేడా ఉండదని రెండుసార్లు చెప్పింది. మా ఆయనకు ఇష్టం లేదు, మన ఒంటి ముక్క వాళ్ల దగ్గరెందుకు అన్నాడు. నేను చాలాసేపు ఆలోచించాను. పదో తరగతి పిల్లలకు హార్మోన్ల పాఠం పన్నెండేళ్లుగా చెబుతున్నాను. 1902లో లండన్‌లో బెయిలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్క పేగుకున్న నరాలన్నీ తెంచేసినా, పేగులో ఆమ్లం పడగానే క్లోమం రసం వదలడం చూశారు, అంటే కబురు రక్తం మోస్తోందన్నమాట. అది సెక్రెటిన్, హార్మోన్ అనే మాట పుట్టింది ఆ తర్వాతే. మొట్టమొదట హార్మోన్‌గా గుర్తించింది పేగుదాన్నే. అప్పటి నుంచి ఎవరో ఒకరు పని చేస్తూ వచ్చారు కాబట్టే నాకు సి-పెప్టైడ్ అంకె వచ్చింది, నా చుక్క వెలిగింది. సంతకం పెట్టాను. మా ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత సాక్షి సంతకం తనే పెట్టాడు.

ఆ రాత్రంతా గ్లూకోజ్ డ్రిప్, గంటకోసారి వేలికి సూది. పొద్దున 7:30కి లోపలికి తీసుకెళ్లారు. లాప్రోస్కోపీ కాదు, పొట్ట తెరిచే చేశారు, చేత్తో తడిమి, క్లోమం మీదే అల్ట్రాసౌండ్ పెట్టి క్లోమ రసం పోయే నాళానికి గడ్డ ఎంత దూరంలో ఉందో కొలిచి. నాలుగు మిల్లీమీటర్ల దూరం. అందుకని ఒలిచి తీయగలిగారు, ప్లీహం మిగిలింది. గడ్డ బయటికి వచ్చిన అరగంటలో చక్కెర 64 నుంచి 110కి ఎక్కిందని మత్తు డాక్టరు బయటికి వచ్చి మా ఆయనకు చెప్పారట. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడని మా తమ్ముడు చెప్పాడు.

మెలకువ వచ్చాక మొదట అడిగింది అంకె. 212. నాకు గుండె ఆగినంత పనైంది, ఇప్పుడు షుగర్ జబ్బు తగిలించారా అనుకున్నాను. ఇన్నాళ్లూ గడ్డ ఒక్కటే పని చేస్తుంటే ఇన్సులిన్ తయారు చేసే మిగతా బీటా కణాలు నిద్రపోయాయని, అవి లేవడానికి కొన్ని రోజులు పడుతుందని చెప్పారు. ఆరో రోజుకు 120ల్లోకి వచ్చింది. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ రెండు రాత్రులు నిద్రపోయేదాన్ని.

గడ్డ పోయింది కదా అని ఊపిరి పీల్చుకున్న మాకు అసలు సహనం కావాల్సింది ఆ తర్వాతే. పొట్టలో ఒక గొట్టం, చివర సంచి. మూడో రోజు సంచిలోకి వచ్చిన నీళ్లలో అమైలేజ్, అంటే క్లోమ రసంలో ఉండే ఎంజైమ్, ఎంతుందో చూశారు, 2,800. క్లోమ రసం కారుతోందన్నమాట. ఒలిచి తీసినవాళ్లలో ఇది తరచూ జరిగేదేనట, చాలామందికి తనంతట తనే మానిపోతుందట. ఫిబ్రవరి 20న సంచితోనే ఇంటికి పంపారు. రోజూ పొద్దున కొలిచి రాయాలి. 90 మిల్లీలీటర్లు, 85, 60, ఒకరోజు మళ్లీ 110, ఆ రోజు టెన్షన్‌తో అన్నం తినలేదు. రంగు మారినా, జ్వరం వచ్చినా, రక్తం కనిపించినా వెంటనే రావాలన్నారు. చీర కట్టడం కుదరదు, ముందు బటన్లున్న నైటీలు నాలుగు కొనుక్కోండి. సంచిని లోపలి లంగాకు పిన్నీసుతో పెట్టుకుంటే నడిచినప్పుడు లాగదు. గొట్టం చుట్టూ చర్మం మండుతుంది, జింక్ ఆయింట్‌మెంట్ రాసేదాన్ని. నూనె తక్కువ తినాలి, అత్తమ్మ మా అందరికీ అదే వంట చేసింది. మార్చి 7న, 23వ రోజు, తీసేశారు. రెండు సెకన్ల పని.

బయాప్సీ ఫిబ్రవరి 21న ఫోన్లో చెప్పారు. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ (హార్మోన్ కణాల గడ్డ), నెమ్మదిగా పెరిగే గ్రేడ్ 1, కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కేఐ-67 రెండు శాతం లోపు. ట్యూమర్ అనే మాట వినగానే కేన్సరా అని అడిగాను. ఇన్సులినోమాల్లో పదింట తొమ్మిది వరకు పాకనివేనని, నాది పూర్తిగా వచ్చేసిందని, కీమో లాంటివి ఏమీ వద్దని, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలని చెప్పారు.

డబ్బు విషయం. ఆపరేషన్, గది, మందులు కలిపి 3 లక్షల 62 వేలు. డిశ్చార్జ్ తర్వాత తిరుగుళ్లకూ పరీక్షలకూ ఇంకో 9 వేలు. మొదటి ఉపవాస పరీక్ష నుంచి లెక్కేస్తే దాదాపు 4 లక్షల 90 వేలు. బంగారం కుదువపెట్టాం, చిట్టీ పాడుకున్నాం. ప్రభుత్వ ఉద్యోగులకు మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఉంది, డిశ్చార్జ్ అయిన ఆరు నెలల్లోపు పెట్టుకోవాలి. డిశ్చార్జ్ సమ్మరీ, వైద్యం అవసరమేనని ఆసుపత్రి ఇచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, బిల్లుల ఒరిజినల్స్ మీద ఆసుపత్రి సంతకం, స్టాంపు. వీటిని డిశ్చార్జ్ రోజే అడిగి తీసుకోండి, నేను వదిలేసి వచ్చి ఒక్క స్టాంపు కోసం మళ్లీ హైదరాబాద్ వెళ్లాను. ఏప్రిల్‌లో పెట్టాను, డబ్బు ఇంకా రాలేదు. ఎంత వస్తుందో కూడా వచ్చాకే తెలుస్తుంది.

ఎండోక్రైనాలజిస్టును మొదట కలిసిన రోజు నుంచి ఆపరేషన్ వరకు 86 రోజులు. మొదటి చెమట పట్టిన రోజు నుంచి అత్తమ్మ వేలికి పొడిచిన రోజు వరకు 17 నెలలు. నాకు రెండో అంకే బాధ. మీ ఇంట్లో ఎవరైనా ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు తికమకగా మాట్లాడి, తిన్నాక మామూలైపోతుంటే, ఆసుపత్రికి వెళ్లాక కాదు, ఆ నిమిషంలోనే వేలికి పొడవండి. పొడిచి, టైముతో సహా రాసి పెట్టండి.

ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు. నరాల డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లి రిపోర్టులన్నీ చూపించాను. ఆయన చాలాసేపు చదివారు, "ఆ రోజు తెల్లవారుజామున చక్కెర చూసి ఉండాల్సిందమ్మా" అన్నారు. కోపం తెచ్చుకుందామని వెళ్లాను, రాలేదు. వారానికి కొంచెం చొప్పున తగ్గించుకుంటూ వచ్చాం, మే 18న ఆఖరి మాత్ర.

జూన్ 12న బడులు తెరిచారు. ఏడాదిన్నర తర్వాత స్కూటీ తీశాను. పాప వెనక కూర్చుంది. డిక్కీలో గ్లూకోజ్ ప్యాకెట్ ఇంకా ఉంది, తీసేయబుద్ధి కాలేదు.